మార్పుకు కారణం

మా మామ పోయాక, పిట్టకు ముద్ద పెట్టిన రోజు సాయంత్రం అనూష వచ్చింది. జగిత్యాల నుంచి స్కూటీ మీద వచ్చి, చెప్పులు విప్పి, నా ముందు తల వంచుకుని కూర్చుంది. నాకు విసుగొచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఇట్లాగే కూర్చుంటున్నారు. ఓదార్చాల్సింది వాళ్లా, నేనా?

"చెప్పరాదు, ఏందో," అన్నాను.

"అక్కా, గా మోటర్ బోర్డు డిజైన్ మార్చిన. నెట్ల పెట్టాలె. ఎందుకు మార్చిన్నో కారణం గూడ రాయాలె. నిన్ను అడగకుంట రాయబుద్ధి కాలే."

ఆ బోర్డు పొలంలో మోటర్ పెట్టెలో ఉంటుంది. ఫోన్లో బటన్ నొక్కితే మోటర్ నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. అనూష, ఆమె దోస్తులు కలిసి తయారు చేశారు. డిజైన్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినది మళ్లీ అందరికీ ఇవ్వాలి. సామాన్లకు చందా వేసింది మా మల్లాపూర్ నుంచి గల్ఫ్ పోయి కూలీల క్యాంపులో ఒకే గదిలో ఉంటున్నవాళ్లు. ముసలి తండ్రులు చీకట్లో తడి గట్ల మీద మోటర్ దగ్గరికి నడవద్దని వాళ్ల ఆరాటం. మా ఆయన శ్రీశైలం అందరికంటే ముందు ఇచ్చాడు.

అనూష మొదట చేసినప్పుడు బటన్ ఒక్క ఫోన్లోనే, ఇంట్లో ఉన్నవాళ్ల చేతిలోనే ఉండేది. క్యాంపు వాళ్లకు అది నచ్చలేదు. "పైసలు మాయి, మోటర్ మాది, బటన్ మాకెందుకు ఉండద్దు?" అని గ్రూపులో వాయిస్ పెట్టింది మా ఆయనే. వద్దని అనూష మొత్తుకుంది. ఆ గదిలోనే ఉండే కుమార్‌కు సెల్‌ఫోన్ రిపేరు పని వచ్చు. డిజైన్ తెరిచే ఉంది కదా, తానే మార్చి, ఎవరి పొలం బటన్ వాళ్ల ఫోన్లో కూడా పెట్టేశాడు. వాళ్ల సంబురం చూడాలి! ఎడారిలో కూర్చుని ఊళ్లో మడికి నీళ్లు పెట్టుడు. శ్రీశైలం అక్కడి నుంచి ఆన్ చేసి, "నీళ్లు పడ్తున్నయా, సూపియ్యి," అని నాకు వీడియో కాల్ చేసేవాడు. పని మీద ఉన్నప్పుడు ఒళ్లు మండేది. అయినా ఆ మొహంలో వెలుగు చూసి చూపించేదాన్ని.

ఆ శుక్రవారం మామ పొలం నుంచి ఫోన్ చేశాడు. "బిడ్డా, మోటర్ బందువెట్టు. వైరు లూజయ్యింది, బిగిస్త."

బంద్ చేశాను. ఇదివరకైతే ఆయన ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే వైరు ముట్టేవాడు. ఇప్పుడు కోడలు బంద్ చేసిందంటే బందే అనుకున్నాడు. క్యాంపులో సెలవు. శ్రీశైలం ఫోన్ చూసుకున్నాడు, మోటర్ ఆగి ఉంది, కరెంటు పోయి వచ్చినట్టుందని ఆన్ చేశాడు. నా ఫోన్లో అతని పేరుతో 'మోటర్ ఆన్' అని మెసేజ్ వచ్చింది. వెంటనే మామకు ఫోన్ కలిపాను. రింగవుతూనే ఉంది.

మామకు అన్న అయ్యే రాజన్న అందరి నోళ్లూ కట్టేశాడు. "ఇంట్లనే కూసున్నకాడ గుండె ఆగిందని చెప్పుండ్రి. ఎరికైతే పోరడు బతుకడు." కాలిన అరచేతికి పసుపు దట్టంగా పూశాం. శ్రీశైలం విమానం దిగి వచ్చి ఆ చెయ్యే పట్టుకుని ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఇప్పటికీ ఏడుపు రావడం లేదు, నోటికి ఉప్పూకారం తెలియడం లేదు.

"రాయకపోతే ఏమైతది?" అని అనూషను అడిగాను.

"గంభీరావుపేటల కుమార్ మార్చిన బోర్డులే పెట్టుకున్నరు. మోటర్ పెట్టె మూత తెరిస్తె దూరపు బటన్ పనిచెయ్యకుంట చేసిన. కారణం రాయకుంటె వాళ్లు మార్చుకోరు అక్కా. చేతుల ఉన్న బటన్ ఎవలు ఇడుస్తరు?"

"పేరు రాస్తవా?"

"అయ్యో, రాయ. మోటర్ కాడ మనిషి ఉండంగ దూరంకెల్లి ఆన్ చేసిండ్రు, మనిషి పోయిండు. గంతే."

పేరు లేకపోతే మాత్రం? ఆ మాట బోర్డున్న ప్రతి ఫోన్‌కూ పోతుంది, మా ఆయన ఫోన్‌కు కూడా. నేను నోరు మూసుకుంటే నా మొగుడు నిమ్మళంగా ఉంటాడు. గంభీరావుపేటలో ఎవరి మామో వైరు బిగిస్తుంటాడు. ఆ ముసలాయన మీద జాలి కలిగిందని అబద్ధం చెప్పను. ఏమీ కలగలేదు.

"రాయి," అన్నాను.

అక్కడే కూర్చుని రాసి, పంపి, నీళ్లైనా తాగకుండా వెళ్లిపోయింది.

ముందు నేనే చెబుదామని శ్రీశైలానికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. నోరు విప్పేలోపే అతని ఫోన్ మోగింది. చదివాడు. వేలితో పైకి జరిపి మళ్లీ చదివాడు.

"సుధా, బాపు ఇంట్ల పోయిండన్నరు గదా?"

"కాదు. మోటర్ కాడ."

"నేను ఆన్ చేసినప్పుడా?"

"అవు."

ముద్ద కంచంలో పడేశాడు. అరుస్తాడనుకున్నాను, గోడకు తల బాదుకుంటాడనుకున్నాను. కుడిచెయ్యి కడుక్కుని, ఆ వేళ్ల వైపు కాసేపు చూసి, ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకొంచెం పప్పు పొయ్యనా అని అడిగాను. పొయ్యమన్నాడు.

ఎడమచేత్తో తిన్నాడు.