బానెట్ మూసిన చెయ్యి

బానెట్ సొట్టలు తీయడం ఓపికతో చేయాల్సిన పని. కింద పాత బొంత పరిచి, దాని మీద బానెట్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, లోపలి వైపు నుంచి రబ్బరు సుత్తితో అంచుల దగ్గర మొదలుపెట్టి మధ్యకు కొట్టుకుంటూ రావాలి. ఒక్కసారే బాదితే సొట్ట పోయి బొడిపె మిగులుతుంది. ఇదంతా నాకు చెప్పింది నా బావమరిది. ఆదివారం పొద్దున్నే వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, మా పెరట్లో కూర్చుని నా లారీ బానెట్ బాగుచేస్తున్నాడు. పాడుచేసింది తను కాబట్టి తనే బాగుచెయ్యాలట.

పాడుచేసింది నేను. ఆ సంగతి అప్పటికి నాకొక్కడికే తెలుసు.

మాది ముందుకు మూతి పొడుచుకొచ్చిన పాతకాలం లారీ. నడిపేది అతనే. ముందున్న గొళ్లెం విప్పితే బానెట్ అద్దం వైపుకి లేస్తుంది. మంగళవారం పొద్దున అతను నీళ్లూ ఆయిలూ చూసి, బానెట్ మూసి, గట్టిగా నొక్కి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. అద్దం తుడిచే నీళ్లు పోద్దామని నేను మళ్లీ ఎత్తాను. అంతలో ఫోన్ మోగింది. ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో బానెట్ వదిలేశాను. గొళ్లెం పడిన చప్పుడు రాలేదు. రాలేదని కూడా తెలుసు. మాట్లాడాక నొక్కుదాంలే అనుకున్నాను.

పెద్ద రోడ్డెక్కి వేగం అందుకోగానే గాలికి బానెట్ ఒక్కసారిగా లేచి అద్దానికి కొట్టుకుంది. ఎదురుగా రోడ్డు మాయమైపోయింది. నేను పక్క సీట్లో కళ్లు మూసుకున్నాను. అతను మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, అడ్డొచ్చినవాటిని తప్పించుకుంటూ, బండిని మెల్లగా రోడ్డు పక్కకి తెచ్చి ఆపాడు. ఎవరికీ గీత కూడా పడలేదు.

ఆగింది మేము రోజూ సరుకు దించే గోడౌన్ ఎదుటే. హమాలీలు, గుమస్తాలు పరుగెత్తుకొచ్చారు. అందరూ తెలిసినవాళ్లే. బండి దిగుతూనే నేను నోరు తెరిచాను.

"బానెట్ వెయ్యడం కూడా మర్చిపోయావట్రా? నిన్ను నమ్ముకుంటే ఇద్దరం పైకి పోయేవాళ్లం!"

నా ప్రాణం కాపాడినవాడిని పట్టుకుని అన్న మాట అది.

"సారీ బావా," అన్నాడు తల దించుకుని. "వేశాననే అనుకున్నా."

అక్కడితో ఆగి నిజం చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరో నవ్వారు, నేనూ నవ్వాను. అతన్ని మా ఇంట్లో పిల్లలు మతిమరుపు మామయ్య అంటారు. ఒకసారి మా గుమ్మంలో చెప్పులు వదిలేసి వట్టి కాళ్లతో ఇల్లు చేరాడు. ఉప్పుకని పంపితే కొట్టువాడి కబుర్లు మోసుకొస్తాడు, ఉప్పు తప్ప. అలాంటివాడి మీద నింద వేస్తే ఎవరు కాదంటారు? అతనే కాదనలేదు. రోజూ చేసే పని ఫలానా రోజు చేశామో లేదో ఎవరు మాత్రం గట్టిగా చెప్పగలరు? గుమ్మడికాయల దొంగంటే దొంగే భుజాలు తడుముకుంటాడంటారు. ఇక్కడ దొంగ నిటారుగా నిలబడ్డాడు, ఏ పాపమూ ఎరగనివాడు భుజాలు తడుముకున్నాడు.

బండిని షెడ్డుకి ఇద్దామని మా ఆవిడ అంటే, వాళ్లు వారం రోజులు తిప్పుతారని కొట్టిపారేశాను. నా భయం వేరు. షెడ్డులో మేస్త్రీ గొళ్లెం ఒక్కసారి ఆడించి చూసి, చివరగా మూసిందెవరని అడుగుతాడు.

మేస్త్రీ అడగాల్సింది ఆ ఆదివారం బావమరిదే తేల్చేశాడు. గొళ్లెం నాలుగైదుసార్లు వేసి తీసి చూశాడు.

"బావా, ఇది శుభ్రంగా పనిచేస్తోంది. స్ప్రింగ్ కూడా గట్టిగానే ఉంది. దానంతటది ఊడేది కాదు."

"ఊఁ," అన్నాను.

"అంటే నేనే వెయ్యలేదన్నమాట. తప్పు గొళ్లేనిదేమో అని ఏదో మూల చిన్న ఆశ ఉండేది."

నేను తేలు కుట్టిన దొంగలా గరుకు కాగితంతో అంచులు రుద్దుతూ కూర్చున్నాను. అతను లేచి వెళ్లి కుళాయి కట్టాడో లేదో చూసొచ్చాడు. కాసేపటికి మళ్లీ వెళ్లి చూశాడు. గేటు గడియ కూడా అంతే. ఈ అలవాటు మంగళవారం ముందు లేదు.

మా ఆవిడ టీ తెచ్చింది. "ఏరా, రేపటి నుంచే కదా స్కూలు బస్సు ఉద్యోగం? యూనిఫాం కుట్టించుకున్నావా?" అంది తమ్ముడితో.

అతను గ్లాసు పట్టుకుని నేల చూశాడు. "వెళ్లనక్కా. సాయంత్రంలోగా ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా."

"అదేంట్రా! రెండేళ్లుగా దాని కోసం తిరిగావు కదా!"

"నలభై మంది పిల్లలక్కా. లారీలో అయితే బావ ఉన్నాడు, అరిచి ఊరుకున్నాడు. అక్కడ నేను తలుపు వెయ్యడం మర్చిపోతే?" అన్నాడు. "అసలు స్టీరింగే వదిలేద్దామనుకుంటున్నా."

ఆవిడ నా వైపు చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు. నలుగురిలో నా పరువు నిలవాలని అతని చేతుల మీద అతనికే నమ్మకం లేకుండా చేశాను. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. అయినా టీ తాగాను, గ్లాసు కడిగి పెట్టాను.

మధ్యాహ్నానికి బానెట్ ఓ రూపుకొచ్చింది. ఇద్దరం కలిసి ఎత్తి బండి మీద పెట్టాం. ఆనించే ఇనుప కడ్డీ వంగిపోవడంతో నేను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. అతను వెనక కీళ్లకు బోల్టులు బిగిస్తున్నాడు.

"ఈ నాలుగూ బిగించేసి ఫోన్ చేస్తా," అన్నాడు.

రెండు బిగించాడు.

"వాళ్లకి వద్దని చెప్పకు," అన్నాను. "ఆ రోజు బానెట్ నేనే సరిగ్గా వెయ్యలేదు."

అతను నవ్వాడు. "ఊరుకో బావా. నేను బాధపడుతున్నానని నింద నీ మీద వేసుకుంటున్నావా? నీలాంటి బావ ఎవరికుంటాడు!"

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. నిజం చెప్పినా నాకు మంచిపేరే వస్తోంది.

"నిజంరా. నువ్వు వేశావు, నొక్కావు కూడా. చేతులు కడుక్కోవడానికి వెళ్లావు. నేను నీళ్లు పోద్దామని మళ్లీ ఎత్తాను. తిరిగొచ్చి, ఫోన్లో ఎవరు బావా అని నువ్వు అడిగావు, గుర్తుందా?"

పానా ఆగింది. "మీ పెద్దన్నయ్య అన్నావు," అన్నాడు మెల్లగా. "నీళ్ల డబ్బా నీ కాళ్ల దగ్గరే ఉంది."

"అవును."

"మరి చెప్పలేదేం?"

"సిగ్గేసింది. రోజు గడిచేకొద్దీ ఇంకా ఎక్కువైంది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అతని మొహం వెలిగిపోయింది. పానా పడేసి వంటింట్లోకి పరుగెత్తాడు.

"అక్కా! నేను మర్చిపోలేదంట! వేశానంట! బావే చెప్పాడు!"

ఇంకా రెండు బోల్టులు పడాలి. బానెట్ వదలడానికి లేదు. చేతులు పైకెత్తుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నన్నలా చూడటం అదే మొదలు.

"గోడౌన్ వాళ్లందరి ముందూ అరిచారు కదా," అంది. "రేపు వాళ్ల ముందే చెప్పండి. నేనూ వస్తా."

బావమరిది ఆవిడ వెనకే వచ్చాడు. ఆవిడ భుజం పట్టుకుని ఆపాడు.

"వద్దులే అక్కా," అన్నాడు. "పదిమందిలో తల దించుకుని నిలబడటం చాలా కష్టంగా ఉంటుంది. నాకు తెలుసుగా."

"వెళ్తాను," అన్నాను. అది నాకు మాత్రమే వినపడింది. వాళ్లిద్దరికీ వినపడేలా మళ్లీ అన్నాను.