భుజం మీద చెయ్యి

ఫోటోలో ఆరుగురున్నారు. వెనుక కొండవాలు, చేతుల్లో పారలు, గునపాలు. ఒక్కరి దగ్గర మాత్రం తుపాకీ ఉంది. కుడి అంచున నిలబడ్డది మా నాన్న భీమారావు. అట్ట వెనుక ‘బర్మా రోడ్డు, 1944’ అని ఆయన చేతిరాత ఉంది. యుద్ధకాలంలో ఆయన సైన్యంలో రోడ్లు వేసే పటాలంలో పనిచేశారు.

ఫోటో వెలిసిపోతోంది. గుణుపురం కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినదాన్ని కనుక, అక్కడి ప్రదర్శనశాలకు ఆ ఆరుగురినీ బొమ్మలుగా చేయించి ఇవ్వాలనుకున్నాను. సునాబెడాలో తాతారావుగారున్నారని విన్నాను. విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిముట్లు చేసి రిటైరైన మనిషి. రాగి తీగతో ఎముకలు కట్టి, పైన పుట్టీ పెట్టి, రెండంగుళాల సైనికులను చెక్కుతారు. ఫోటో ఆయనకిచ్చి వచ్చాను.

నెల తిరక్కుండా ఫోన్ చేశారు.

“మేడమ్‌గారూ, ఓపాలి రావాలండి. ఒక సెయ్యి ఎక్కువొచ్చింది.”

రాయగడలో రైలెక్కి, కోరాపుట్‌లో దిగి, ఆటోలో వాళ్ల క్వార్టరు చేరాను. బల్ల మీద ఆరు బొమ్మలున్నాయి. నాన్న బొమ్మ ఎడమ భుజం మీద నాలుగు వేళ్లున్నాయి. ఫోటోలోనూ ఉన్నాయి. పక్కన నిలబడ్డాయన స్నేహంగా వీపు వెనుకనుంచి చెయ్యి వేశాడని చిన్నప్పటినుంచీ అనుకుంటున్నాను.

“పక్కాయన సెయ్యే అయితే ఏళ్లు బయటికి ఉండాలండి. ఇయ్యి మెడకేసి ఉన్నాయి. పైగా అంత దూరం అందాలంటే ఆయనకి మోసేతులు రెండుండాలి,” అన్నారు తాతారావు. “ఫోటో ముందువైపే సూపిస్తాది. బొమ్మకి వీపు కూడా కట్టాలి కదా, అప్పుడు బయటపడిపోతాది. ఇటేపు ఇంకో మనిషున్నాడు. కత్తిరించీసేరు.”

ఫోటోకు మూడు అంచుల్లో తెల్లటి రంపపు పళ్ల బోర్డరుంది. నాలుగో అంచున లేదు. ఫ్రేము కట్టినవాడు కోశాడనుకుని ఊరుకున్నాను. ఆధారాన్ని అంచులనుంచి పరీక్షించాలని ఏటా పిల్లలకు చెప్పింది నేనే.

చిన్న వస్తువు చెక్కేముందు పెద్దది చేసి చూసుకోవడం ఆయన పద్ధతి. భూతద్దం కింద కొలతలు తీసి, మైనంతో అసలు మనిషి చెయ్యంత చెయ్యి ఒకటి చేశారు. గుడ్డ తీసి చూపించారు. కుడి చెయ్యి. ఉంగరపు వేలికి చివరి కణుపు లేదు.

నేను ఫోటో తిప్పి, వెనుక రాసిన సంవత్సరం మళ్లీ చదివాను.

మా మేనమామ కన్నయ్యకు చెరకు గానుగలో ఆ కణుపే పోయింది. పదిహేడేళ్లు నిండని అతన్ని, పేరూ వయసూ ఊరూ మార్చి రాయించి, 1942లో పటాలంలో చేర్పించింది నాన్నే. “నా పక్కనుంచి కదలనివ్వను” అని అమ్మమ్మకు మాటిచ్చారట. నాలుగేళ్ల తర్వాత ఒంటరిగా వచ్చి, కన్నయ్య కలకత్తాలోనే రైలు దిగి పారిపోయాడని, బర్మా ముఖమే చూడలేదని చెప్పారు. పేరూ ఊరూ తప్పు కనుక సర్కారు కాగితం ఏ గుమ్మానికీ రాలేదు. చచ్చిపోయాడంటే ఆ చావు నాన్న మాట మీద పడేది. పారిపోయాడంటే తప్పు పారిపోయినవాడిది.

నాన్న ఆ భుజం మీద కండువా ఎప్పుడూ తీయలేదు. ఒకసారి వెనుకనుంచి వెళ్లి అక్కడ చెయ్యి వేస్తే కొట్టారు. నాకప్పుడు ఆరేళ్లు. ఫోటోలోనుంచి కన్నయ్యను కోసేశారు. తన భుజం కోసుకోకుండా ఆ చేతిని మాత్రం కోయలేకపోయారు.

“మనిషి లేని సెయ్యి తప్పులా కనబడతాది. తీసీమంటారా, మనిషిని కట్టమంటారా?” అని అడిగారు తాతారావు.

తీసేస్తే నాన్న పరువు నిలుస్తుంది. కాని కన్నయ్య భార్య పుణ్యవతి రామనగుడ దగ్గర ఇంకా బతికే ఉంది. తొంభై ఆరేళ్లు. పారిపోయినవాడి భార్య కనుక ఆమెకు బొట్టు మిగిలింది. పేరంటాలకు పిలిచేవారు గాని ముందుగా తాంబూలం ఇచ్చేవారు కారు. పన్నెండేళ్లు జాడలేనివాడికి మోదుగాకులతో మనిషిని కట్టి దహనం చేస్తారు. అత్తవారు ఆ ఏర్పాటు చేసినప్పుడు, “బతికున్నవాడికి చితి పేరుస్తారా?” అని నాన్నే వెళ్లి ఆపించారు. ఆ రోజు ఆయన వెంట నేనూ ఉన్నాను.

మైనపు చేతిని గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. అత్త అరుగు మీద కందులు ఏరుతోంది. చూపు ఆనదు, వేళ్లతోనే ఏరుతుంది.

“ఎవులు? కామేశ్వరివా? సచ్చేనో నేదో సూసి పోదామనొచ్చేవేటి అమ్మీ?”

“నీకంటే ముందు నేనే పోయేలా ఉన్నానత్తా.”

“పోకు. నన్ను మొయ్యడానికి మనుషులు సాలరు.”

ఏం చెప్పాలో దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. గుడ్డ విప్పి చేతిని ఆమె ఒళ్లో పెట్టాను. తడిమింది. అరచేయి, బొటనవేలు, వరసగా వేళ్లు. ఉంగరపు వేలి దగ్గర ఆగింది. కందుల చేట పక్కకు జరిపింది.

“దీనికి పసుపు పెట్టి కట్టింది నేనే. ఎక్కడిదమ్మీ?”

చెప్పాను. నాన్న అబద్ధం చెప్పారని కూడా చెప్పాను. “ఆ కొండ మీద ఉన్నాడు, అంతవరకే రుజువుందత్తా. చనిపోయాడనడానికి లేదు.”

“సదువుకున్నదానివి, నీకు రుజువు కావాల. పారిపోయినోడు రాడు. పారిపోనేదంటే, బతికుంటే ఇంటికొచ్చీవోడే.” మొండి వేలిని బొటనవేలితో రుద్దింది. “ఎనభై ఏళ్లు తిట్టేనే, అమ్మీ. పొద్దున్న లెగిసి బొట్టెట్టుకుంటా తిట్టేదాన్ని.”

మామయ్య ముఖం ఎలా ఉండేదని అడిగాను. తాతారావు ఏడో మనిషిని కట్టాలంటే కావాలి కదా.

“ఏడాది కాపరం. పదమూడేళ్లదాన్ని, అత్తగారి ముందు తలెత్తితే ఒప్పుకునేవోరా? కంచం పెట్టినప్పుడు సెయ్యి సూసేదాన్ని. మొకం నాకు తెలవదు.”

ఆ వచ్చిన అమావాస్యకు మరిది మనవడు గౌరీశంకర్ చేత వంశధార ఒడ్డున మోదుగాకుల మనిషిని కాల్పించింది. మైనపు చేతిని కూడా అందులో పెట్టమంది. అది ముందుగా కరిగింది. ఆమె బొట్టు తీయలేదు, ఎవరూ అడగలేదు.

ఆ రోజు నేను బయలుదేరేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది. “మీ నాయన బొమ్మ మీద ఆ సెయ్యి ఉంచమని సెప్పు. తియ్యొద్దు.”

ఇప్పుడు గాజుపెట్టెలో ఏడుగురున్నారు. ఏడోవాడి ముఖం నున్నగా ఉంది, ముక్కు గీత కూడా నేను పెట్టనివ్వలేదు. ప్రదర్శనశాలకు ఇంకా పంపలేదు. రోజూ ఉదయం సన్నటి కుంచెతో దుమ్ము దులుపుతాను. నాన్న ఎడమ భుజం దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగిపోతుంది. అక్కడ దుమ్ము పేరుకుంటోంది.