గండికోటలో పదకొండు వానలు

రామలింగప్ప నవల చదివాడంటే దానికి మూడినట్టే. మాధవరంలో నలభై ఏళ్లుగా మగ్గం నేస్తున్న మనిషి. ఆదివారమైతే చాలు, ఇస్త్రీ చొక్కా తొడిగి కడపలో పుస్తక సభలకు పోతాడు. వేదికెక్కి ఒక్కో రచయితను ఉతికి ఆరేస్తాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వు రుచి మరిగి, బాగున్న పుస్తకాన్ని బాగుందని చెప్పడం ఆయన ఎప్పుడో మానేశాడు.

ఈసారి ఆయన చేతికి చిక్కింది సొంత వీధి పిల్లే. బడిలో పాఠాలు చెప్పే శివలీల గండికోట మీద నవల రాసింది. చరిత్ర, ప్రేమ, హత్య మూడూ ఒకే కుండలో వేసి ఉడికించింది. “పెదనాయనా, సభలో మొదట నువ్వే మాట్లాడల్ల” అని పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. కత్తికి మెడ అప్పగించడమంటే అదే.

సభకు ముందురోజు పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. భార్య సుంకమ్మ పక్కనే రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతోంది. ఆమెకు చదువు రాదు. ఆయన గట్టిగా చదివి వెక్కిరిస్తుంటే వింటోంది.

“వినుమే సుంకమ్మా, వాళ్లిద్దరూ ఎప్పుడు కలిసినా వానే! రెండు నూర్ల పుటల్లో పదకొండు వానలు. మన సీమలో ఇన్ని వానలు పడింటే శెనక్కాయ చేన్లు ఎందుకు ఎండుతాయి?”

సుంకమ్మ నవ్వింది. ఆయనకు ఇంకా హుషారొచ్చింది.

“ఆరునూర్ల ఏండ్ల కిందటి రాజంట, పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాండాడు. అప్పటికి మిరపకాయ ఈ దేశం మొగమే చూడలేదు. ఆయప్పకు యాడ దొరికింది?”

అక్కడితో ఆగలేదు. హీరో గుర్రం పెన్న లోయను ఒక్క దూకులో దాటింది. అది గుర్రమా, మిడతా? హంతకుడెవరో పదో పుటకే తెలిసిపోయింది, పుస్తకం మొత్తంలో కారణం లేకుండా నవ్వేవాడు వాడొక్కడే మరి. రాకుమారి ఒక్క పూటలో చీర నేసి మగ్గం దిగింది. నిలువు పోగుల పడుగుకు గంజి పెట్టి ఆరేయడానికే ఒక పూట పడుతుందని రాసిన తల్లికి ఎవరూ చెప్పలేదు కాబోలు. మంచి బొత్తిగా లేదా అంటే ఉంది. లోయ రాళ్ల మీద సాయంత్రపు ఎండను బాగా రాసింది. ముసలి దాసీల తిట్లు వింటుంటే చెవులకు పండగే. ఆయన కాగితం మీద తప్పులు పదిహేడు రాసుకున్నాడు, మెప్పులు రెండు.

నూట నలభయ్యో పుట దగ్గర ఆయన గొంతు ఆగింది.

శవం మీద కప్పిన తెల్లచీర ఎవరు నేశారన్నదే ఆ నవలలో చిక్కుముడి. పేరుమోసిన నేతగాడొకడు నేనే నేశానంటాడు. రాణి పంపిన వేగులది ఆ చీరను ఎండకు ఎత్తి పట్టి చూస్తుంది. అడ్డంగా పడే పేక పోగును బిగించే పలక దెబ్బ ఒకచోట మారింది. అక్కడిదాకా వదులు, అక్కడినుంచి బిగువు. ఒకరి దెబ్బ ఇంకొకరికి రాదు. కాబట్టి ఇది ఇద్దరు నేసిన చీర, రెండో చెయ్యి నేతగాడి పెళ్లానిది అని తేలుస్తుంది.

ఇది గ్రంథాలయాల్లో దొరికే సంగతి కాదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాళ్లకే తెలుసు. ఆయన తలెత్తితే తెరిచిన తలుపులోంచి ఇంట్లో గోడమీది పటం కనబడింది. ఇరవై రెండేళ్ల కిందట చేనేత పోటీలో మొదటి బహుమతి, కింద రామలింగప్ప పేరు. బహుమతి వచ్చిన ఆ చీర మొదలుపెట్టిన అయిదో నాటికే ఆయన కామెర్లతో మంచం పట్టాడు. నేసి దింపింది సుంకమ్మ. బహుమతి ఇచ్చేటప్పుడు వేదిక మీద ఎన్నాళ్లు పట్టిందని అడిగితే, “ఇరవై దినాలు కూర్చున్నా” అన్నాడు. ఇంటికొచ్చాక ఆ మాట ఆమె ఎత్తలేదు. మరిచిపోయిందిలే అనుకున్నాడు.

“ఇది ఆ పిల్లకు ఎవురు చెప్పినారు?”

“నేనే,” అంది సుంకమ్మ, రాట్నం ఆపకుండా. “నువ్వు సభలకు పోయిన ఆదివారాలు ఆయమ్మి ఈడే కూర్చునేది. అడిగింది, చెప్పినా. అంతకు ముందు నన్నెవురు అడిగినారు?”

“పేరు చెప్పినావా?”

“ఎవురి పేరు? నీదా, నాదా?”

ఆయన చూపు మళ్లీ పటం మీదికి పోయింది. సిగ్గేసింది. సిగ్గుకంటే ముందు భయమేసింది. ఆ బహుమతి చూసే కదా కడపలో ఆయనను వేదికెక్కించింది. అది పోతే ఆయన మాట ఎవరు వింటారు?

“ఆ పుట కూడా తప్పే అని చెప్తావేమో, చెప్పుకో,” అంది సుంకమ్మ. “గురివింద గింజకు తన కింది నలుపు యాడ కనపడ్తాది? రేపు నేను కూడా వస్తాండా.”

ఇన్నేళ్లలో ఆమె సభకు వస్తాననడం అదే మొదలు.

మరునాడు హాలు నిండింది. వానల దగ్గర జనం గొల్లుమన్నారు. గుర్రం దగ్గర శివలీల కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. పదిహేడు తప్పులూ అయిపోయాయి, రెండు మెప్పులూ అయిపోయాయి. ఇక కూర్చోవచ్చు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడో వరుసలో సుంకమ్మ ఆయన్నే చూస్తోంది. ఆమె చూపులో ప్రాధేయపడటం లేదు, ఎగతాళి ఉంది. ఇన్నాళ్లూ ఆయన రచయితలను చూసిన చూపు అదే.

“ఇంకొకటుండాది,” అన్నాడు. “నూట నలభయ్యో పుట. పుస్తకమంతా పొయ్యిలో పెట్టినా ఆ పుట ఒక్కటి దాచిపెట్టుకోండి. పెండ్లాం నేసిన చీరకు పేరు కొట్టేసే మొగుడు ఉంటాడా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటాడు. ఈడే నిలబడుండాడు. నాకు బహుమతి వచ్చిన చీరలో సగం నేసింది మా సుంకమ్మ.”

హాల్లో నవ్వు ఆగిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి చేతులు దించుకున్నారు. మూడో వరుసలో సుంకమ్మ లేచి నిలబడింది.

“సగం యాడిది?” అంది. “ముక్కాలు.”

ఆ చీరలో దెబ్బ ఎక్కడ మారిందో రామలింగప్పకు తెలియకపోలేదు. మైకు దగ్గరకు లాక్కున్నాడు.

“ముక్కాలే,” అన్నాడు.

సుంకమ్మ కూర్చుంది.