ఇంకొక్క నిమిషం

"గొంతు తగ్గించు" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు. వాకర్ పట్టుకుని వరండాలో నడుస్తున్న ఆవిడ పక్కనే నడుస్తూ, "ఇంకొక్క అడుగు అత్తయ్యా, ఇంకొక్కటే" అంటోంది ఆమె. గొంతు తగ్గించమనడం ఈ ఇంట్లో కొత్త కాదు, పదిహేనేళ్లుగా వింటున్నదే. కాపురానికొచ్చిన వారానికే "ఆడదాని గొంతు గడప దాటకూడదమ్మా" అని చెప్పింది కూడా ఈ అత్తగారే.

ఆ గొంతుతోనే ఆమె ఉద్యోగం చేస్తోందన్న సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. క్రీడాకారుల మీద పరిశోధనలు చేసే ల్యాబు అది. పరుగుపందేల పిల్లలకి మూతికి మాస్కు కట్టి, ట్రెడ్‌మిల్ ఎక్కించి, ఇక మావల్ల కాదు అనేదాకా పరుగెత్తిస్తారు. ఒంట్లోకి ఎంత ఆక్సిజన్ పోతోందో యంత్రం చెబుతుంది. మాస్కులు కట్టడం, కడగడం, పక్కన నిలబడి "ఇంకొక్క నిమిషం తల్లీ, ఒక్కటంటే ఒక్కటే" అని కేకలేయడం ఆమె పని. "జీతమిచ్చి మరీ అరిపిస్తున్నారు మా ఆవిడ చేత" అని భర్త నలుగురిలో నవ్వించేవాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది. నవ్వినందుకు తర్వాత తన మీద తనకే ఒళ్ళు మండేది. ఆపరేషన్ పేరుతో సెలవు పెట్టించినవాడు, ఇప్పుడు ఏకంగా రాజీనామా టైపు చేయించి తెచ్చాడు. "నువ్వు లేకపోతే వాళ్ళ పరుగులు ఆగిపోతాయా ఏంటి" అన్నాడు. సంతకం ఒక్కటే మిగిలింది. ఆ కాగితం మూడు రోజులుగా టీపాయ్ మీద ఆమెకేసి చూస్తోంది.

ఫోన్ మోగింది. ల్యాబు పెద్దాయన.

"యంత్రాన్ని మూడుసార్లు సరిచూశామమ్మా, లోపం లేదు. మీరు సెలవు పెట్టినప్పటి నుంచి పిల్లలందరి లెక్కలూ పడిపోయాయి. నిమిషం ముందే దిగిపోతున్నారు. నిన్న ఒకమ్మాయిని అడిగితే, అక్క అరవట్లేదు కదా సార్ అంది. పరీక్ష ఎలా చేయాలో రాసిన కాగితంలో ఇన్నేళ్లూ మీ ఊసే లేదు. తప్పు మాదే. ఎప్పుడు, ఎంత గట్టిగా, ఏమంటారో మీరే రాయండి. మీ పేరుతోనే అందులో చేరుద్దాం."

ఆమెకి గుండె పొంగింది. కాళ్ళు వాళ్ళవి, ఊపిరి వాళ్ళది. కానీ ఆ చివరి నిమిషం తనది. ఇంట్లో అణిచిపెట్టుకున్న గొంతే అక్కడ ఎంతమంది పిల్లల్లో దాగున్న బలాన్ని బయటికి లాగిందో యంత్రమే సాక్ష్యం చెప్పింది.

"సోమవారం వచ్చేస్తాను సార్" అంది, వీధి చివరికి వినిపించేంత గట్టిగా. రాజీనామా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి భర్త చేతిలోని పేపర్లో దోపింది.

అతను ఈసారి తలెత్తాడు. "మరి అమ్మని నడిపించేదెవరు?"

"మీరు."

అతను నసుగుతూ లేచి వాకర్ దగ్గరికొచ్చాడు. "నడువమ్మా" అని గొణిగాడు. అత్తగారు కదల్లేదు. కొడుకుని ఎగాదిగా చూసి, కోడలి వైపు తిరిగింది.

"సోమవారం లోపు వీడికి కాస్త అరవడం నేర్పించి వెళ్ళమ్మా" అంది.