నైరోబీకి పుట్టింటి చీర

దారం ఒక కొస బొంబాయి మీద, రెండో కొస నైరోబీ మీద, స్కేలు పక్కన పెట్టి కొలిస్తే నాలుగున్నర వేల కిలోమీటర్లు, విమానానికి ఆరు గంటల పని, దీనికింత కంగారెందుకు అనుకున్నాడు శేషాద్రి, యూనివర్సిటీలో తను భూగోళం పాఠాలు చెప్పే గదిలో గ్లోబు ముందు నిలబడి, రాత్రి పోయిందట చెల్లెలు విశాలాక్షి, గుండె ఆగి, నలభై నిండకుండానే, అక్కడ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక, ఇక్కడ పదయితే అక్కడ ఇంకా కాఫీ తాగే వేళ, ఆ వెనకబడ్డ గంటల్లో ఎక్కడో ఆమె బతికే ఉందేమో, ఛ, పాఠాలు చెప్పేవాడు అనుకోవలసిన మాటేనా ఇది, చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు, ముత్తైదువగా పోయిన ఆడపిల్లను పుట్టింటి చీర కప్పకుండా సాగనంపరు, పుట్టిల్లంటే ఇప్పుడు తనొక్కడే, భార్య లలిత మడతైనా విప్పని తన ధర్మవరం చీర తీసి సంచిలో పెట్టింది, మీరు పోయి కప్పి రాండి, నా గురించి ఆలోచన పెట్టుకోవద్దండి, అంది, కొలంబో సదస్సుకని తీయించిన పాస్‌పోర్టు ఉండనే ఉంది, ఆ ధీమాతోనే పొద్దున ఫోనులో బావ వెంకటసుబ్బారావుకు చెప్పేశాడు, ఉంచండి బావా, రేపు సాయంత్రానికి వచ్చేస్తాను, నువ్వొచ్చేదాకా కదిలించం శేషాద్రీ, అన్నాడు బావ, ఏడుస్తూనే.

ఆర్ట్స్ కాలేజీ దాటి తార్నాక దాకా ఎండలో నడిచాడు, టిక్కెట్ల దుకాణం బాలరాజు తన పాత విద్యార్థే, గీడ కూసోండి సార్, చాయ్ చెప్పాల్నా, అని పుస్తకం తిరగేసి తలెత్తాడు, బొంబాయికెళ్లి నైరోబీకి రోజూ ఫ్లైట్ లేదు సార్, నిన్ననే పోయింది, మళ్ల శుక్రవారమే, వేరే దిక్కుకెళ్లి పోదామన్నా గంతే టైమైతది, శేషాద్రికి ఆ మాట వినబడింది గాని ఎక్కలేదు, దూరం లెక్కేశాడు, వేగం లెక్కేశాడు, గడియారాల తేడా కూడా లెక్కేశాడు, విమానం రోజూ ఎగరదన్నది మాత్రం తట్టలేదు, ఇన్నేళ్ళూ ప్రపంచాన్ని బల్ల మీద తిప్పి చూసినవాడికి ఎలా తడుతుంది, ఇవాళ సోమవారం, శుక్రవారం దాకా ఉంచమంటే ఉంచుతారేమో, ఐసు పెట్టెలుంటాయి, ఉంచుతారు, కానీ పిల్లలిద్దరూ తల్లి పక్కనే కూర్చుని అన్నం ముట్టలేదన్నాడు బావ, వాళ్ళనింకా అన్నాళ్ళు కూర్చోబెట్టమని ఏ నోటితో అంటాడు.

పక్కనే ఫోను బూతు, అద్దాల తలుపు వేసుకుంటే లోపల ఉక్క, ఒళ్ళో చీర సంచి, లైను దొరికింది, బయల్దేరావా శేషాద్రీ, బ్రాహ్మడికి రేపు సాయంత్రానికని చెప్పాం, నీ కోసమే చూస్తున్నాం, అంది బావ గొంతు, చెప్పాలి, చీర రాదు బావా, ఇంట్లో ఉన్నదేదో కప్పి కానివ్వండి అని చెప్పాలి, నోరు పెగల్లేదు, ఎందుకు పెగలడం లేదో అప్పుడు తెలిసింది, చీర దారిలో ఉన్నంతసేపే చెల్లెలు ఆ ఇంట్లో ఉంటుంది, పొద్దుటి నుంచి తను కొలిచిన దూరాలూ గంటలూ అన్నీ ఆమెను ఇంకాసేపు ఉంచుకోవడానికే, శేషాద్రీ, వినబడుతోందా, అంటున్నాడు బావ, వినబడుతోంది, ఇప్పుడు కానివ్వండి అంటే ఆ మాటతోనే విశాలాక్షి చనిపోతుంది, అనవలసినవాడు తనొక్కడే.