ఆయన ఇచ్చిన ఐదు నక్షత్రాలు

"పెద్దమ్మా, కుక్కర్ పెట్టి జల్దీ ఇటు కూసో. పొద్దటి నుంచి చెత్త పేరుకపోయింది" అని ఉదయ్ భాస్కర్ వరండాలోంచి కేకేశాడు. ఇంటి చెత్త నేను అప్పటికే ఊడ్చేశాను. వాడు చెప్పేది ఫోనులో చెత్త గురించి.

ఉదయ్ మా మరిది వెంకటకృష్ణ కొడుకు. కారేపల్లిలో మా మరిదికి పురుగుమందుల దుకాణం ఉంది. వీడు కంప్యూటర్ చదువు చదివి, మిర్చి రైతులు మాట్లాడుకునే చోటొకటి ఇంటర్నెట్లో తెరిచాడు. దానికి 'మిర్చి ముచ్చట' అని పేరు పెట్టాడు. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా రైతులు అందులో చేరి, ఏ విత్తనం మంచిది, ఏ తెగులుకు ఏం కొట్టాలి అని అడుగుతారు. తెలిసినవాళ్ళు చెబుతారు. మందు వాడినవాళ్ళు దానికి ఇన్ని నక్షత్రాలని ఇస్తారు. జనం చేరాక అమ్ముకునేవాళ్ళూ చేరారు. రైతుల పేర్లు తగిలించుకుని, తమ సరుకును తామే పొగుడుకుంటారు. అలాంటి రాతలను ఏరి తీసేయడం నా పని. ప్రతి రాత కింద 'ఉంచు', 'తీసెయ్' అని రెండు మాటలుంటాయి. కల్లంలో మిరపకాయ ఎండాక ఆడవాళ్ళం గొంతుకూర్చుని తాలుకాయ ఏరతాం చూడండి, ఇదీ అంతే. పరాయి కల్లంలో అయితే ఆ పనికి కూలి ఇస్తారు. ఎవరైనా అడిగితే ఉదయ్ "చెక్ చేయడానికి మాకు టీమ్ ఉందండీ" అంటాడు. వంటింటి గడప మీద కళ్ళజోడు పెట్టుకుని, ఒక చెవి కుక్కరు కూతకు వదిలేసి కూర్చునే నేనే ఆ టీము.

నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాక. పొదుపు సంఘంలో లెక్కలు రాసే వనజ, మధ్యాహ్నాలు అంగన్‌వాడీ బడిలో కూర్చోబెట్టి నేర్పింది. "శేషారత్నం అత్తా, గుండ్రంగ తిప్పు, అది అప్పడం కాదు, సున్న" అని నవ్వించేది. ఇంట్లో నవ్వు వేరేగా ఉండేది. మా తోడికోడలు సుజన "ఇప్పుడు చదివి కలెక్టరయితవా అక్కా?" అంది. మరిది "పోనీయే, రామకోటి రాసుకుంటది" అన్నాడు. నేను రామకోటి రాయలేదు. బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదివాను. ఉప్పు ప్యాకెట్లు చదివాను. అది చూసిన ఉదయ్ పాత ఫోనొకటి నా చేతిలో పెట్టి, "ఎట్లాగూ ఖాళీగనే ఉంటవు కదా పెద్దమ్మా" అన్నాడు. ఈ ఇంట్లో నేను ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు. నేను ఖాళీగా ఉంటానని తెలియనివాళ్ళూ లేరు.

నేను పెదవులు కదుపుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. అలా చదివితే దొంగరాత నోటికి చప్పగా తగులుతుంది. నిజంగా రైతు రాస్తే అందులో ఎక్కడో ఒకచోట ఏడుపు ఉంటుంది. కూలీలు దొరకలేదనో, కరెంటు రాలేదనో, బావమరిది మాట విని మోసపోయాననో ఉంటుంది. దొంగరాతలో ఎవరికీ ఏ కష్టమూ ఉండదు. అందరూ సుఖంగా ఉంటారు.

ఆ రోజు తీసేసుకుంటూ పోతుంటే మా దుకాణం సీసా వచ్చింది. గండభేరుండం బొమ్మ ఉన్న సీసా అది. పూత తినేసే నల్ల తామర పురుగుకు మందని మరిది ఎక్కడినుంచో తెప్పించి అమ్ముతున్నాడు. మా చేలో మాత్రం కొట్టనివ్వలేదు. "మనకెందుకురా ఆ నీళ్ళు" అని కొడుకుతో అన్నాడు, నేను అన్నం వడ్డిస్తుండగానే. వడ్డించే మనిషికి చెవులుంటాయని ఎవరూ అనుకోరు.

ఆ సీసాకు ఒక రైతు ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. పక్కన ఆయన ఫోటో ఉంది. నేను రోజూ గుడ్డతో తుడిచే ఫోటో. దండ కనబడకుండా కత్తిరించారు కానీ, భుజం దగ్గర గంధపు పూసలు కొన్ని మిగిలిపోయాయి. కింద ఇలా రాసి ఉంది: 'నా పేరు వెంకటరామారావు. కారేపల్లి రైతును. ఈ మందు ఒక్కసారి కొట్టాను, పురుగు మాయం. దిగుబడి చూసి మా ఇంటామె కూడా చాలా సంతోషంగా ఉంది.'

కరోనా వచ్చిన రెండో వేసవిలో దవాఖానాలో ఊపిరాడక పోయిన నా భర్త రాసిన రాత అది. నేను చాలా సంతోషంగా ఉన్నానట. కాపురం చేసినన్నాళ్ళూ ఉప్పెక్కువైందని చెప్పాడు, కారం తక్కువైందని చెప్పాడు. సంతోషంగా ఉన్నావా అని అడిగిన గుర్తు లేదు. ఇప్పుడు పోయాక, అడక్కుండానే నా తరఫున లోకానికి చెప్పేశాడు.

తీసెయ్ నొక్కాను. 'ఇది అడ్మిన్ రక్షణలో ఉన్న పోస్టు, మీకు అనుమతి లేదు' అని వచ్చింది. ఆ రాత కింద ఎవరో అడిగారు: 'రామారావన్నా, నా పేరు చిన్నక్క. పినపాక దగ్గర అడవిల మా గుంపు, చిన్న గూడెం. నాకు చదువు రాదు, మా బిడ్డ రాస్తుంది. కౌలుకు మిర్చి ఏసిన. పూత మొత్తం నల్లపురుగే. దుకాణపోళ్ళ మాట నమ్మను, కొట్టిన రైతు చెప్తేనే నమ్ముత. నిజమేనా అన్నా? నువ్వు అవ్ అంటే బుధవారం పినపాక సంతల మేకలమ్మి సీసాలు తెచ్చుకుంట. అవి తప్ప నాకేం లేవు.'

దాని కింద ఆయన జవాబు కూడా ఉంది. 'చెల్లెమ్మా, ధైర్యంగా కొట్టు. నీకు అన్న ఉన్నాడు.'

నేను ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. తండ్రీకొడుకులు చాయ్ తాగుతున్నారు.

"ఇదేంది ఉదయ్, పెదనాన్న రాసినట్టు పెట్టినవు?"

"పేరు కావాలె కదా పెద్దమ్మా. బయటోళ్ళ పేరు పెడితే రేపు లొల్లి. పెదనాన్న అయితే మనింటి మనిషే. ఖాతా తెరువనీకి ఆయన సిమ్ము ఎట్లాగూ నడుస్తనే ఉంది."

"ఆ చిన్నక్క మేకలమ్ముతనంటుంది."

"అమ్మితే అమ్మనీ. మందు కొంటది."

"మన చేన్లకు పనికిరాంది ఆమె చేన్లకు పనికొస్తదా?"

మరిది చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "వదినా, ఫోన్ ఇచ్చింది నేర్చుకున్న నాలుగు ముక్కలు మర్చిపోకుండ ఉంటవని. మా వ్యాపారంల వేలు పెట్టమని కాదు. అన్న ఉంటే ఈ మాట అననిచ్చెటోడా?"

"ఉన్నడు కదా, అందుట్లనే ఉన్నడు" అన్నాను.

లోపలి నుంచి సుజన నవ్వింది. "నీ గురించి గూడ మంచిగనే రాసిండు కదక్కా. బతికినన్నాళ్ళు నోట్లెకెళ్ళి రాని మాట."

ఉదయ్‌కీ నవ్వొచ్చింది. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చాను. గ్లాసులు ఎందుకు తీశానో నాకే తెలియదు. చేతులకు అలవాటు.

గిన్నెలు తోముతుంటే ఒక్కొక్కటే అర్థమైంది. ఆయన సిమ్ము ఎందుకు నడుస్తోందో నాకు తెలుసు. పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం ఆయన ఖాతాలోనే పడుతుంది. మెసేజీ మరిది జేబులో మోగుతుంది. పట్టా నా పేరు మీదికి మార్చమని అడిగిన ప్రతిసారీ "ఆఫీసుల చుట్టూ ఎవరు తిరగాలె వదినా, ఉండనీ" అన్నాడు. పొలం దగ్గర ఆయన బతికే ఉన్నాడు. బ్యాంకులో బతికే ఉన్నాడు. ఇప్పుడు సీసాలు కూడా అమ్ముతున్నాడు. పదకొండో రోజున నా గాజులు తీసినప్పుడు మాత్రం చచ్చిపోయాడు. ఉదయ్ పెళ్ళిచూపుల నాడు నన్ను వెనక గదిలో కూర్చోబెట్టినప్పుడు చచ్చిపోయాడు. ఒకే మనిషి. చావంతా నా వాటాకు ఇచ్చి, బతుకంతా వాళ్ళు పంచుకున్నారు. ఇంత స్పష్టంగా తెలిశాక కూడా నేను చేస్తున్న పని ఏమిటంటే, అడుగంటిన పప్పు గిన్నెను పీచుతో రుద్దుతున్నాను.

చేతులు తుడుచుకుని మళ్ళీ ఫోను తీశాను. ఇన్నాళ్ళూ ఇతరుల మాటలు తీసేశానే తప్ప, అందులో నా మాట ఒక్కటీ పెట్టలేదు. చిన్నక్కకు జవాబు రాయాలంటే ముందు ఆయన పేరు రాయాలి. అక్కడ వేలు ఆగిపోయింది. మొగుడి పేరు నోట చెబితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది, అత్త చెప్పింది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినా పక్కింటావిడతో చెప్పించేదాన్ని. వనజ ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ రాయమంటే ఆయన పేరు దగ్గర ఖాళీ వదిలేశాను. పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు ఆలోచించాను. తగ్గితే తగ్గనీ. ఈ ఆయుష్షు తగ్గాల్సిందే.

'చిన్నక్కా, వెంకటరామారావు చనిపోయాడు. నేను ఆయన భార్యను. నా పేరు శేషారత్నం. ఆ మందు మా చేలో కొట్టలేదు. మేకలు అమ్మకు.' వత్తులు సరిచూసుకుని పెట్టాను.

కుక్కరు ఆవిరి పోయేలోగా అది మాయమైంది. 'మీ వ్యాఖ్య తొలగించబడింది' అని వచ్చింది. మళ్ళీ రాశాను. మళ్ళీ పోయింది. మూడోసారి రాస్తుండగా తెర మీద అక్షరాలన్నీ ఆగిపోయాయి. ఉదయ్ వచ్చి ఫోను చేతిలోంచి తీసుకున్నాడు. కోపంగా కూడా లేడు. "నీకు కళ్ళు నొస్తున్నయి పెద్దమ్మా, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో" అన్నాడు. చిన్నక్క కూతురు ఆ రాత చూసిందో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. వాళ్ళ నంబరు లేదు, ముఖం ఎరగను, గుంపు పేరు తెలియదు. వనజను అడిగితే "పినపాక దగ్గర ఎన్ని గుంపులుంటయో అత్తా, చిన్నక్కలే ఎంతమందుంటరో" అంది. సంతకు ఇంకా ఉన్న రెండు రోజులూ వండాను, వడ్డించాను. ఎవరూ నాతో ఆ మాట ఎత్తలేదు. ఏమీ జరగనట్టు ఉండడం ఈ ఇంటికి బాగా వచ్చు.

బుధవారం పొద్దున పాలు కాచి మూత పెట్టాను. అన్నం వండలేదు. ఆధార్ కార్డు కొంగున కట్టుకుని, బోర్డు చదివి ఇల్లందు బస్సు ఎక్కాను. ఇల్లందులో దిగి కొత్తగూడెం, అక్కణ్ణించి మణుగూరు, ఆపైన పినపాక. బస్సులు కలవకపోతే నేను చేరేసరికి సంత విడిచిపోతుంది. చేరినా, మేకలు పట్టుకుని నిలబడ్డ ప్రతి ఆడమనిషినీ నీ పేరేమిటని అడగాలి. ఆమె చేను నేను బాగుచేయలేను. పురుగుకు మందు నాకు తెలియదు. పొద్దుపోయాక తిరిగి వస్తే మా ఇంటి తలుపు తీస్తారో లేదో అదీ తెలియదు. నా దగ్గర ఉన్నది చెప్పాల్సిన ఒక్క మాటే.

కండక్టరమ్మాయి కార్డు చూసి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ కొట్టింది. నా వయసు చూసిందో, ఒక్కదాన్నే ఉన్నానని చూసిందో, "పొద్దుపొద్దున్నే యాడికి పోతున్నవమ్మా, చుట్టాలింటికా?" అంది.

"అవ్ బిడ్డా" అన్నాను. "పినపాక కాడ మా ఆయన చెల్లెలుంది. వెంకటరామారావు చచ్చిపోయిండని ఆమెకు ఇంకా ఎవ్వరూ చెప్పలేదు."