బాబాజీ నుదురు

మంజుల పుట్టిల్లు నిర్మల్‌లో బొమ్మలు వేసేవాళ్ళ ఇల్లు. చెక్క మీద ఆకులు, తీగలు, బంగారు అంచులు ఆడవాళ్ళు దిద్దేవాళ్ళు. ముఖాలు మాత్రం నాన్నే వేసేవాడు. పెళ్ళయి గల్ఫ్‌కు వచ్చాక, సత్వాలో ఎదురు ఫ్లాట్ గుర్‌మీత్ ఆంటీ, కూతురి కొత్తింటికి గురునానక్ బాబాజీ పటం వేసిమ్మని అడిగితే, మంజుల మొదటిసారి ఒక ముఖం వేయడానికి ఒప్పుకుంది.

తెల్లగడ్డం, జపమాల, దీవిస్తూ ఎత్తిన చెయ్యి, అన్నీ ఆంటీ ఇంట్లోని పాత పటం చూసి వేసింది. చివర్లో సగం మూసిన కళ్ళు దిద్దింది. అవి కుదిరిన సంతోషంలో చెయ్యి దానంతటదే ఎర్రరంగులోకి పోయి నుదుట బొట్టు పెట్టేసింది. పుట్టింట్లో ఏ దేవుడి ముఖమైనా బొట్టుతోనే పూర్తయ్యేది.

సరిగ్గా అప్పుడే ఆంటీ వచ్చింది.

“బేటీ, యే టీకా? హమ్ నహీ లగాతే.” సిక్కులు బొట్టు పెట్టరని ఆమె మాట.

మంజుల భర్త రాజేశ్వర్ అడ్డం పడ్డాడు. “మా దిక్కు బొట్టు లేకుంటే ముఖం బోసిగ ఉంటది ఆంటీ” అన్నాడు హిందీలో.

“అయితే నా ముఖం కూడా బోసేనా భాయ్?” అని ఆంటీ నవ్వింది. కానీ పటం వైపు మళ్ళీ చూడకుండా వెళ్ళింది. తెల్లారితే గృహప్రవేశం.

టర్పెంటైన్‌తో తుడిస్తే బొట్టుతోపాటు ఒంటిరంగూ లేచి, నల్లచెక్క బయటపడింది.

“మామకు వీడియో కాల్ చెయ్యి, చెప్తడు” అన్నాడు రాజేశ్వర్.

“వద్దు. నాయిన చెప్తే అది నాయిన వేసిన ముఖమైతది.”

“అబ్బో!”

రంగు కలిపి అద్దింది. మచ్చలా తేలింది.

“గోడకు ఒక్కకాడ రంగేస్తే కనపడ్తది. మొత్తం కొట్టాలె” అన్నాడు, సైట్‌లో రంగులపని చూసే రాజేశ్వర్.

“నాకు తెల్సు గని, నువ్వు గిన్నెలు కడుగు.”

తలపాగా అంచు నుంచి కనుబొమల దాకా నుదురంతా మళ్ళీ వేసింది. వయసు తెలిసేలా రెండు సన్నటి ముడతలు గీసింది.

పొద్దున ఆంటీ వచ్చి పటం చూసింది. గురుద్వారాలోకి అడుగుపెట్టినట్టు, ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచి చున్నీని తలమీదికి లాక్కుంది. కళ్ళు తుడుచుకుని, కింద మూలన నీ పేరు రాయమంది.

మంజుల బంగారురంగు తీసింది.

“హిందీల రాయ్, వాళ్ళకు సమజైతది” అన్నాడు రాజేశ్వర్.

“తెలుగుల్నే రాస్త. చదవరాకుంటే అడుగుతరు. ఆంటీ చెప్తది.”